నీటి శుద్ధి పైలట్ ప్లాంట్లను మూడు వేసవులు నడవనివ్వండి

కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కార్యదర్శి గారికి, అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ సీఈఓ గారికి,

నమస్కారం.

2009 ఫిబ్రవరిలో వంశధార నీళ్ల తగాదా మీద సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాట్రగడ్డ దగ్గర ఆంధ్రప్రదేశ్ తలపెట్టిన సైడ్ వియర్ (నది నీటిని పక్కకు మళ్లించే కట్ట) మీద ఒడిశా వేసిన కేసు అది. ట్రిబ్యునల్ వేయమని కేంద్రానికి చెప్పిన ఆ తీర్పులోనే జస్టిస్ మార్కండేయ కట్జూ విడిగా తన అభిప్రాయం రాశారు. నీళ్ల కోసం రాష్ట్రాలు కొట్టుకోకుండా ఉండాలంటే సైన్సే దారి చూపాలని, ఉప్పునీటిని తక్కువ ఖర్చుతో మంచినీరుగా మార్చే పద్ధతులు వెతకడానికి శాస్త్రవేత్తల సంఘాన్ని వేయాలని అందులో కోరారు. ఆ ఏడాదే మీ శాఖ 'వార్ ఫర్ వాటర్' పేరుతో ఒక టెక్నాలజీ మిషన్ మొదలుపెట్టింది.

ఒక నది ఒడ్డున మొదలైన గొడవ దేశం మొత్తానికీ పరిశోధన కార్యక్రమంగా మారడం మంచి పరిణామం. అలాంటి కార్యక్రమాల వల్ల మెంబ్రేన్లు (నీటిలోని ఉప్పును ఆపే పల్చటి పొరలు), నానో పదార్థాలు, ఎండ వేడితో నీటిని ఆవిరి చేసి పట్టే సోలార్ స్టిల్లులు, ఫ్లోరైడ్‌నూ ఆర్సెనిక్‌నూ పట్టి ఉంచే పొడులు ఎన్నో మన ల్యాబుల్లో తయారయ్యాయి. వాటి మీద పేపర్లు వచ్చాయి, పీహెచ్‌డీలు వచ్చాయి. నేను కెమికల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి ఆ పనుల విలువ నాకు తెలుసు. కానీ వాటిలో ఊళ్లోకి వచ్చి, ఊరి బోరు నీటి మీద, ఊరి కరెంటు మీద ఏళ్ల తరబడి నడిచినవి చాలా తక్కువ. ల్యాబుకీ ఊరికీ మధ్య ఒక మెట్టు ఉంది. రోజుకు పది వేల నుంచి లక్ష లీటర్ల నీటిని శుద్ధి చేసే పైలట్ ప్లాంటు అనే మెట్టు. మన డబ్బు ఆ మెట్టు దగ్గరికి వచ్చేసరికి అయిపోతోంది. ఆ మెట్టుకు విడిగా గ్రాంటు పెట్టండి, ఒక్కో ప్లాంటును కనీసం మూడు వేసవులు నడపడానికి సరిపడా ఇవ్వండి. నేను అడుగుతున్నది ఇదే.

మూడు వేసవులు ఎందుకో చెప్తాను.

ల్యాబులో మెంబ్రేన్‌ను పరీక్షించేటప్పుడు డిస్టిల్డ్ వాటర్‌లో కొలత ప్రకారం ఉప్పు కలుపుతాం. గది 25 డిగ్రీలు ఉంటుంది. పంపు స్థిరంగా తిరుగుతుంది. కొన్ని గంటలో, మహా అయితే కొన్ని రోజులో నడిపి, ఎంత ఉప్పు ఆగింది, ఎన్ని నీళ్లు దాటాయి అని రాసుకుంటాం. ఊళ్లో బోరు నీళ్లు అలా ఉండవు. అందులో కాల్షియం, మెగ్నీషియం, సిలికా, ఇనుము అన్నీ కలిసి ఉంటాయి. ఏప్రిల్ వచ్చి నీటిమట్టం దిగిపోయేసరికి చాలా బోర్లలో ఉప్పు శాతం మారిపోతుంది. షెడ్డు రేకుల కింద వేడి 45 డిగ్రీలకు చేరుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ప్లాంటు ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆగి ఉన్న గంటల్లో మెంబ్రేన్ మీద బ్యాక్టీరియా పొర కడుతుంది. సిలికా ఒకసారి గట్టిగా పేరుకుంటే ఆసిడ్‌తో కడిగినా పోదు. ఈ సమస్యలేవీ మొదటి వారంలో బయటపడవు. ఆరో నెలలోనో, రెండో వేసవిలోనో కనిపిస్తాయి. కొత్త పద్ధతి నిలుస్తుందా లేదా అన్నది అప్పుడే తేలుతుంది.

మూడేళ్ల ప్రాజెక్టు ఇచ్చాం కదా అని మీరు అనవచ్చు. ఆ మూడేళ్లు ఎలా గడుస్తాయో ప్రాజెక్టు చేసిన ఎవరిని అడిగినా చెప్తారు. మొదటి విడత డబ్బు అందడం, రిసెర్చ్ ఫెలోను తీసుకోవడం, పరికరాలకు కొటేషన్లు, టెండర్లు, వీటితో ఒక ఏడాది పోతుంది. తయారు చేయించి ల్యాబులో సరిచూసుకోవడం రెండో ఏడాది. మూడో ఏడాది ఊరికి తీసుకెళ్లి, పంచాయతీతో మాట్లాడి, షెడ్డు వేసి, మీటరు పెట్టించుకుని నీళ్లు వదిలేసరికి డబ్బు ఖర్చు లెక్క చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపే గడువు వచ్చేస్తుంది. ఫొటో దిగుతుంది, ఫైనల్ రిపోర్టు వెళ్తుంది. నీళ్లు పట్టే మనిషికి జీతం ఇచ్చే పద్దు అక్కడితో మూతపడుతుంది. మెంబ్రేన్ ఎప్పుడు చెడిపోయిందో, ఎందుకు చెడిపోయిందో రాసుకునే మనిషి ఉండడు. తర్వాత ఇంకో కాలేజీ అదే తప్పును మొదటి నుంచీ చేస్తుంది.

పైలట్ దశకు ప్రభుత్వం నిలబడితే ఏమవుతుందో చూపించే ఉదాహరణ ఒకటి చరిత్రలో ఉంది. అది అమెరికాది. అక్కడ 1952లో ఉప్పునీటి శుద్ధి కోసమే ఒక చట్టం చేసి, ఆ పనికే ఆఫీస్ ఆఫ్ సలైన్ వాటర్ అనే కార్యాలయం పెట్టారు. మొదట కేటాయించింది ఐదేళ్లకు 20 లక్షల డాలర్లు. 1958లో ఇంకో చట్టం చేసి ఐదు ప్రదర్శన ప్లాంట్లు కట్టమన్నారు. ఒక్కోచోట ఒక్కో పద్ధతి పెట్టారు. టెక్సస్‌లోని ఫ్రీపోర్ట్‌లో సముద్రపు నీటిని మరగబెట్టే పద్ధతి. 1961లో అధ్యక్షుడు కెనడీ వాషింగ్టన్ నుంచే మీట నొక్కి దాన్ని ప్రారంభించారు. సౌత్ డకోటాలోని వెబ్‌స్టర్‌లో ఉప్పు బావుల నీటికి ఎలక్ట్రోడయాలిసిస్, అంటే కరెంటుతో ఉప్పును వేరుచేసే పద్ధతి. రైట్స్‌విల్ బీచ్‌లో నీటిని గడ్డకట్టించి ఉప్పు వేరుచేసే పద్ధతి. గడ్డకట్టించే పద్ధతి వాడకంలో నిలబడలేదు. అయినా ఆ డబ్బు వృథా పోయిందని నేను అనుకోను. ఏ పద్ధతి ఎక్కడ ఆగుతుందో నిజమైన నీటి మీద తేలింది, ఆ లెక్కలు అందరికీ అందాయి.

అదే కాలంలో కాలిఫోర్నియా యూనివర్సిటీలో, లాస్ ఏంజెలస్‌లో, సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ కలిసి సెల్యులోజ్ ఎసిటేట్‌తో ఒక కొత్త రకం మెంబ్రేన్ తయారు చేశారు. సౌరిరాజన్ మన దేశం నుంచి వెళ్లినవాడే. పైన పల్చటి పొర, దాని కింద రంధ్రాలున్న మందమైన పొర ఉండే ఆ మెంబ్రేన్ వచ్చాకే ఆర్ఓ, అంటే నీటిని ఒత్తిడితో మెంబ్రేన్ గుండా నెట్టి ఉప్పును ఆపడం, పనికొచ్చే పద్ధతి అయింది. దానికి డబ్బిచ్చింది కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వం. ఆ మెంబ్రేన్‌ను వాళ్లు ల్యాబులోనే ఉంచలేదు. 1965లో కోలింగా అనే చిన్న పట్టణానికి తీసుకెళ్లారు. ఆ ఊరి బావుల నీళ్లు ఉప్పన. ఒకప్పుడు తాగే నీళ్లు అక్కడికి రైలు ట్యాంకుల్లో వచ్చేవి. రోజుకు సుమారు 20 వేల లీటర్లిచ్చే ప్లాంటు అది. ఈ రోజు మన పల్లెల్లో ఉన్న ఫిల్టర్ నీళ్ల ప్లాంటు కంటే పెద్దదేమీ కాదు. ఆ తర్వాత మిన్నియాపోలిస్‌లో జాన్ కాడోట్ ఫెడరల్ ప్రభుత్వ నిధులతో పనిచేస్తూ పాలీఅమైడ్ పల్చటి పొర మెంబ్రేన్‌కు దారి వేశారు. మన వంటింటి గోడకు తగిలించుకున్న ఆర్ఓ మెషిన్లోనూ, చెన్నై పక్కన నెమ్మేలి సముద్రపు నీటి ప్లాంటులోనూ నడుస్తున్నది ఆ వంశపు మెంబ్రేనే.

మన దగ్గర కూడా ఇలా ఓపికగా నిలబడి చేసిన పనులున్నాయి. చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓషన్ టెక్నాలజీ 2005లో లక్షద్వీప్‌లోని కవరత్తిలో రోజుకు లక్ష లీటర్ల ప్లాంటు పెట్టింది. సముద్రం పైన నీళ్లు 28 డిగ్రీలుంటే, 350 మీటర్ల లోతులో 12, 13 డిగ్రీలే ఉంటాయి. పైనీటిని గాలి తీసేసిన గదిలోకి వదిలితే అది ఆ వేడికే ఆవిరవుతుంది. లోతు నుంచి తోడిన చల్లనీటితో ఆ ఆవిరిని మళ్లీ నీరుగా చేస్తారు. మెంబ్రేన్ లేదు, బాయిలర్ లేదు. అంత లోతుకు పైపు దించడం ఎంత కష్టమో ఆ ఇంజినీర్లకే తెలియాలి. అది నడిచింది కాబట్టే 2011లో మినికాయ్, అగత్తి దీవులకూ వచ్చింది. కల్పాక్కంలో భాభా అణు పరిశోధన కేంద్రం, అణు విద్యుత్ కేంద్రం వేడితో కొంత, ఆర్ఓతో కొంత నీటిని శుద్ధి చేస్తూ, రోజుకు 63 లక్షల లీటర్ల సామర్థ్యంతో ప్లాంటు కట్టి నడిపింది. ఈ రెండు చోట్లా కట్టినవాళ్లే చాలాకాలం దగ్గరుండి నడిపారు. యూనివర్సిటీలకూ, రాష్ట్రాల్లోని కాలేజీలకూ, చిన్న సంస్థలకూ ఆ వీలు లేదు.

ఆ వీలు లేకపోతే జరిగే నష్టం మా తెలుగువాళ్లకు బాగా తెలుసు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకరపోయే జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. దానికి మందు నీళ్లలోనే వెతకాలని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు తయారు చేసిన పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు వచ్చింది. సున్నం, పటిక, కొంచెం బ్లీచింగ్ కలిపి తిప్పితే ఫ్లోరైడ్ మడ్డిలో కలిసి అడుగుకు దిగుతుంది. పై నీళ్లు తేరుకుంటే వాడుకోవచ్చు. అంత చవకైన పద్ధతి కనుకే ఇథియోపియా, టాంజానియా దాకా వెళ్లింది. అయితే పటిక ఎంత వేయాలన్నది నీటిలోని ఫ్లోరైడ్‌ను బట్టి, క్షారగుణాన్ని బట్టి మారుతుంది. ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. రోజూ దిగే మడ్డిని ఎక్కడో ఒకచోట పారబోయాలి. ఆ కొలత చూసేందుకు, ఆ మడ్డి ఎత్తేందుకు మనిషి లేని చోట పద్ధతి ఎంత మంచిదైనా ఆగిపోతుంది.

దాని తర్వాత ఆర్ఓ ప్లాంట్లు వచ్చాయి. పంచాయతీవి, దాతలవి, కంపెనీల సీఎస్‌ఆర్ డబ్బుతో పెట్టినవి. ఇరవై లీటర్ల క్యాన్ ఐదు రూపాయలకో పదికో దొరికింది. జనానికి మేలు జరిగింది, దాన్ని నేను కాదనను. కానీ ఒక లెక్క చూడండి. బోరు నీళ్లలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుందాం. ప్లాంటు సగం నీళ్లను శుద్ధి చేసి సగం వదిలేస్తుంది అనుకుందాం. శుద్ధి అయిన సగంలో ఫ్లోరైడ్ దాదాపు లేకుండా పోతుంది. వదిలేసిన సగంలో అది ఆరుకు దగ్గరవుతుంది. మన ప్రమాణం ప్రకారం ఒకటి లోపు ఉండాలి, వేరే దారి లేని చోట ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. ఆరు మిల్లీగ్రాముల ఆ నీళ్లు ఎటు పోతాయి? నేను చూసిన ఊళ్లలో ఎక్కువ భాగం షెడ్డు వెనక గుంటలోకే పోతున్నాయి. ఆ గుంట పక్కనే గేదెలు తాగుతాయి. నేలలోకి ఇంకి మళ్లీ అదే బోరు వైపు వెళ్తాయి. ఈ రిజెక్ట్ నీళ్లను తగ్గించడం, మిగిలినదాన్ని ఊరికి చెరుపు లేకుండా వదిలించుకోవడం అచ్చంగా పైలట్ దశలో తేలాల్సిన సమస్య. ల్యాబు బీకరులో రిజెక్ట్ నీళ్లు సింకులోకి పోతాయి కాబట్టి అక్కడ ఆ సమస్య ఉన్నట్టే కనిపించదు.

దారులు లేకపోలేదు. కొద్దిపాటి ఉప్పున్న నీటికి ఎలక్ట్రోడయాలిసిస్ మంచిదని చాలాకాలంగా తెలుసు. ఇందులో నీళ్లను మెంబ్రేన్ గుండా నెట్టం. నీళ్లలోని ఉప్పు అయాన్లనే కరెంటుతో పక్కకు లాగుతాం. అందువల్ల వదిలేసే నీళ్లు తక్కువ. 2015లో అమెరికా ప్రభుత్వ విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ పెట్టిన డీశాల్ ప్రైజును ఎంఐటీ, జైన్ ఇరిగేషన్ జట్టు ఈ పద్ధతితోనే గెలుచుకుంది. తర్వాత ఎంఐటీ పరిశోధకులు సోలార్‌తో నడిచే ప్లాంటును హైదరాబాద్ దగ్గర చెల్లూరు అనే ఊళ్లో పెట్టి పరీక్షించారు. మన ఊరి బోరు, మన ఎండ, మన నీళ్లు. వాళ్లను తప్పుపట్టడం లేదు, వచ్చినందుకు సంతోషమే. కానీ హైదరాబాద్‌లో రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, మెంబ్రేన్ల మీద ఏళ్లుగా పనిచేస్తున్న బృందం అక్కడ ఉంది. వరంగల్‌లో ఎన్‌ఐటీ ఉంది. విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీ ఉంది. మన ఊరి నీటి మీద పైలట్ ప్లాంటు నడపడానికి వీళ్లకు ముందుగా డబ్బు దొరికే ఏర్పాటు మన దగ్గరే ఉండాలి కదా.

ఇప్పుడు డబ్బు సంగతి. 2025 జులైలో కేంద్ర కేబినెట్ లక్ష కోట్ల రూపాయల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) పథకాన్ని ఆమోదించింది. ల్యాబు దశ దాటిన టెక్నాలజీలకు, అంటే టెక్నాలజీ ఎంత సిద్ధమైందో కొలిచే టీఆర్‌ఎల్ మెట్లలో 4, ఆపై వాటికి, అది సాయం చేస్తుంది. ఈ మెట్టు దగ్గర లోటుందని ప్రభుత్వం గుర్తించినందుకు కృతజ్ఞతలు. అయితే ఆ పథకం దీర్ఘకాలిక రుణంగానో, ఈక్విటీగానో డబ్బిస్తుంది. వడ్డీ తక్కువైనా, అసలే లేకపోయినా, రుణం తీర్చాల్సిందే. మందుల కంపెనీకో, చిప్పుల కంపెనీకో అది సరిపోతుంది. మూడొందల గడపలున్న తండాకు ఫ్లోరైడ్ లేని నీళ్లిచ్చే ప్లాంటు ఏ లాభంతో అప్పు తీరుస్తుంది? క్యాన్ మీద ఐదు రూపాయల నుంచా? అక్కడ కొనుగోలుదారు లేడు, ఉన్నది దాహం. సముద్రపు నీటి పెద్ద ప్లాంట్లకు రుణం ఇవ్వండి. ఊరి స్థాయి తాగునీటి పైలట్లకు మాత్రం గ్రాంటే కావాలి. ఫౌండేషన్‌కు ఐదేళ్లకు అనుకున్న 50 వేల కోట్లలో చిన్న ముక్క దీనికి పక్కన పెట్టినా చాలు.

నది నీళ్లు పైపుల్లో వస్తుంటే ఇదంతా ఎందుకని కూడా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు నల్గొండకు తెచ్చాక అక్కడి పిల్లల బతుకు మారింది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. నది నీళ్లు అందే చోట అదే మొదటి దారి, అందులో నాకు సందేహం లేదు. అయితే పైపు పగిలిన వారం, రిజర్వాయర్ అడుగంటిన మే నెల, పైపు చివర ఉన్న గూడెం, ఇవి కూడా లెక్కలోకి రావాలి. కృష్ణా డెల్టా చివర నాగాయలంక, కోడూరు వైపు కాలవ నీళ్లు ఆలస్యమైతే ఊరి చెరువే దిక్కు. బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్న రాష్ట్రం, రేపు నదులు తగ్గిన రోజున, వేరేవాళ్ల మెంబ్రేన్లూ వేరేవాళ్ల లెక్కలూ కొనుక్కుని ప్లాంట్లు కట్టుకోవాలా? సముద్రపు నీటి నుంచి వెయ్యి లీటర్ల మంచినీరు తీయడానికి మంచి ప్లాంటుకు ఈ రోజు మూడు, నాలుగు యూనిట్ల కరెంటు పడుతుంది. ప్రకృతి నియమం ప్రకారం తప్పనిసరిగా కావలసింది సుమారు ఒక యూనిట్. ఆ మధ్య తేడాలో చేయగలిగిన పని ఇంకా చాలా ఉంది.

ఉద్దానం గురించి ఒక్క మాట విడిగా చెప్పాలి. అక్కడి కిడ్నీ జబ్బుకు కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. తేలనప్పుడు నీళ్లలోంచి ఏది తీసేయాలో కూడా తెలియదు. ఇలాంటి చోట పైలట్ ప్లాంటు అంటే నీళ్లివ్వడంతో పాటు కొలవడం కూడా. ఊరి నీళ్లూ, శుద్ధి చేసిన నీళ్లూ, వదిలేసిన నీళ్లూ నెలనెలా పరీక్షించి ఆ లెక్కలు పలాసలోని కిడ్నీ పరిశోధన కేంద్రం డాక్టర్లకు అందిస్తే, వాళ్ల వెతుకులాటకు పనికొచ్చే సమాచారం ఏళ్ల తరబడి పోగవుతుంది.

కనుక మీరు ఇవ్వబోయే తర్వాతి ప్రకటనలో ఈ మార్పులు చేయమని కోరుతున్నాను. పైలట్ ప్లాంటు గ్రాంటును ఐదేళ్లకు ఇవ్వండి. అందులో మొదటి రెండేళ్లు కట్టడానికి, మిగతా మూడేళ్లు నడపడానికి. ఊళ్లో ఉండి ప్లాంటు చూసుకునే మనిషి జీతం, కరెంటు బిల్లు, మెంబ్రేన్ మార్పు, నీటి పరీక్షలు, ఇవన్నీ అర్హమైన ఖర్చులుగా రాయండి. యంత్రం కొనడానికి డబ్బిచ్చి, నడపడానికి చేయి ముడుచుకోవద్దు. రిజెక్ట్ నీళ్లను ఏం చేస్తారో చెప్పని దరఖాస్తును తీసుకోవద్దు. స్థలం, బోరు, కరెంటు కనెక్షన్ విషయంలో రెండు తెలుగు రాష్ట్రాల గ్రామీణ తాగునీటి శాఖలతో ముందే ఒప్పందం చేసుకుంటే, ప్రాజెక్టు చేసేవాళ్ల ఏడాది కాలం మిగులుతుంది.

నడిచిన ప్లాంట్ల లెక్కలతో పాటు ఆగిపోయినవాటి లెక్కలు కూడా అందరికీ కనిపించేలా పెట్టించండి. ఏ నీటి మీద, ఎన్ని గంటలకు, ఏ కారణంతో ఆగిందో తెలిస్తే తర్వాతివాళ్లకు ఏళ్లు కలిసొస్తాయి. అందుకు ఒక షరతు తప్పనిసరి: ప్లాంటు ఆగిందని నిజం రాసినవాళ్లకు తర్వాతి గ్రాంటులో అన్యాయం జరగకూడదు. ఇప్పుడు ఆ భయం ఉంది. అందుకే ఫైనల్ రిపోర్టులన్నీ విజయగాథల్లా ఉంటాయి.

మొదటి విడతకు నాలుగు రకాల నీళ్లు ఎంచుకోండి. పాత ప్రకాశం జిల్లాలో పొదిలి, దర్శి వైపు ఫ్లోరైడ్ నీళ్లు, దివిసీమ ఉప్పు నీళ్లు, ఉద్దానం నీళ్లు, అనంతపురం లోతు బోర్ల నీళ్లు. ఒక్కోచోట రెండేసి వేర్వేరు పద్ధతులు పక్కపక్కనే, ఒకే బోరు నీటి మీద నడవాలి. అలా పెట్టినప్పుడే ఏది మేలో వాదన లేకుండా తెలుస్తుంది. ఎనిమిది ప్లాంట్లు అవుతాయి. ఒక పెద్ద డీశాలినేషన్ ప్లాంటు ఖర్చుతో పోలిస్తే ఇది ఎంతో మీరే లెక్క వేయించండి. ఆ లెక్కను, గ్రాంటు ఇస్తారో లేదో అన్న జవాబును, రాబోయే బడ్జెట్‌కు ముందే ప్రకటించమని కోరుతున్నాను. బడ్జెట్ దాటితే ఇంకో వేసవి పోతుంది.

ఇట్లు
కెమికల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు ఒకరు